ఏ నెల్లో?

దామలచెరువు దాటినాక తారు అయిపోతుంది.
అక్కణ్ణించి గుట్టకిందపల్లెకు
బండిని నేను తోశానో, అది నన్ను లాగిందో.
సంచిలో సర్కారు ట్యాబు, ఛార్జింగు ముప్పై ఒకటి.
ఇంటికి నలభై రెండు ప్రశ్నలు,
పద్నాలుగు నిమిషాలు.

చెంగమ్మ గడపలో కూచుని
విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తా ఉంది.
తొమ్మిదో ప్రశ్న: ప్రధాన వృత్తి?
వ్యవసాయం, పరిశ్రమ, సేవలు.
ఒకటే నొక్కాలి. నొక్కకపోతే పదోది రాదు.

"ఏ నెల్లో?" అనింది.

నెలలకు గడి లేదన్నాను.
ఆమె చెప్పుకుంటా పోయింది.
జూన్, జులై గుజ్జు ఫ్యాక్టరీ:
తోతాపురికి చెక్కు తీసి టెంక ఊడబెరకడం,
బూట్లలో చీలమండల దాకా తీపి నీళ్ళు.
ఆవణిలో కలుపు.
పెరటాసి శనివారాలకు తిరుపతి,
కూతురు హేమావతి చేసే లాడ్జిలో
గోవిందా అనుకుంటా వచ్చినోళ్ళ చెమటంతా
దుప్పటి దుప్పటిగా ఉతికి ఆరెయ్యడం.
ఎండలు ముదిరితే ఉపాధి గుంతలు.
"గుంత తవ్వేది దేని కిందికొస్తాది సామీ?"

ట్యాబు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను.

మా ఆఫీసు గోడ మీద జిల్లా ఎదుగుదల పటం ఉంది.
నీలం గీత పరిశ్రమది, గోడకేసిన నిచ్చెన.
నారింజది సేవలది, అలిపిరి మెట్లెక్కే మనిషిలాగా
అక్కడక్కడా ఆగి ఊపిరి తీసుకుంటుంది.
ఆకుపచ్చది మాత్రం చెనగ తీగ,
నేలను వదిలి లేవదు.

ట్యాబులో లేని ప్రశ్న అడిగాను:
ఇంట్లో ఏది ఎప్పుడు మారింది?

తల పైకెత్తి రేకులు చూపించింది.
"రేణిగుంట కాడ సెల్‌ఫోన్ల కంపెనీలో
మా గుణశేఖర్ని పదకొండు నెలలు పెట్టుకున్న్యారు.
పన్నెండో నెల రావద్దన్న్యారు.
ఆ పదకొండు నెల్లే ఈ రేకులు.
గుజ్జు ఫ్యాక్టరీకి రెండు షెడ్లు లేచినాయి,
చెక్కు తీసే మిషను వచ్చె.
నలభై మందిమి పన్నెండు మందిమైతిమి.
ఆ యేడే కాయ కిలో నాలుగు రూపాయలు.
మా దొరస్వామి ట్రాక్టరు కింద మూడు రాత్రులు పండుకున్న్యాడు,
పైన కాయలు మాగి కారతా ఉంటే."

మరి ఆ చెవి కమ్మలు?

నవ్వింది. "కుదవలోంచి వచ్చినాయి,
చెరువు మొరవ పోయిన యేడు.
ఊరందరి చేలల్లో ఒకేసారి కలుపు,
మనిషి దొరకలా.
చేనుగల్లోళ్ళే వాకిట్లోకొచ్చి పిలిస్తే
రేటు మేం చెప్పినాం.
మేం చెప్పినాం, సామీ."

కాసేపు కాయలు పగిలే చప్పుడు.

"మళ్ళీ రెండేండ్లు వాన లేదు.
ఆ రెండేండ్లూ హేమ జీతమే ఉప్పూ పప్పూ.
ఏది పెద్దదంటాం, ఏది చిన్నదంటాం?"

చివరిది వేలిముద్ర.
బొటనవేలు పెట్టింది. తుడుచుకుని పెట్టింది.
కొంగుకు రుద్ది పెట్టింది.
మూడుసార్లూ ఎర్ర గుర్తే.
మామిడి సొన కొంత తినింది,
సబ్బు నురగ కొంత,
మిగిలిన గీతల్ని పార పిడి.
మూడు రంగాలూ మేసి పెరిగిన వేలు అది.
దేనిది ఎంత శాతమో
మా గోడ మీద రాసి లేదు.

తొమ్మిదో ప్రశ్నకు ఏది నొక్కానో
చెప్పను.
నొక్కాను. పదోది వచ్చింది.

లేస్తుంటే అడిగింది:
"నీకు ఎప్పుడూ ఇదే పనా నాయనా?"
జులై ఆఖరు దాకా, అన్నాను.
"అట్లయితే నువ్వూ నెలల మనిషివే."

చేటలో పక్కకు నెట్టిన ముడత గింజలు
దోసెడు తీసి నా చేతిలో పోసింది.
"ఇవి మొలిచేవి కాదులే, తిను."